గంటకు పద్దెనిమిది వందల తూటాలు

మా బెటాలియన్‌లో ఏ వస్తువు కొనాలన్నా దాని అవసరం లేనివాళ్లతో ముందు ఒక కమిటీ వేస్తారు. అవసరం ఉన్నవాడు తొందరపడతాడనీ, తొందరపడినవాడు చవగ్గా కొనేస్తాడనీ, చవగ్గా కొన్న వస్తువు మీద ఆడిట్ వాళ్లకు అనుమానం వస్తుందనీ మా పెద్దల నమ్మకం. ఆఫీసు సూపరింటెండెంటుగా ఆ కమిటీల మినిట్స్ రాసేది నేను. ఇరవయ్యారేళ్లుగా రాస్తున్నాను. సభ్యులు అన్నది కాకుండా, వాళ్లు అని ఉంటే బాగుండేది రాయడం నాకు అబ్బిన విద్య.

ఈసారి అడిగినవాడు దస్తగిరి. హెడ్ కానిస్టేబుల్, మా తుపాకుల మరమ్మతు చూసే ఆర్మరర్. అడిగింది రైఫిల్ తూటాలు మళ్లీ నింపుకునే చిన్న ప్రెస్. తూటా పేలాక అందులోని మందు కాలిపోతుంది, గుండు ఎగిరిపోతుంది, ఇత్తడి తొడుగు మిగులుతుంది. మావాళ్లు దాన్ని ఎంప్టీ అంటారు. ఆ ఎంప్టీని సరిచేసి, కొత్తగా మందు పోసి, ఇంకో గుండు కూర్చోబెడితే మళ్లీ తూటా అవుతుంది. దస్తగిరికి కావలసిన ప్రెస్ టేబులు అంచుకు బిగించుకునేది. చేత్తో పిడి లాగాలి. గంటకు అరవై తూటాలు వస్తాయి. ఈ విషయమంతా అతను అర పేజీలో రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. అర పేజీ అనగానే ఆ కాగితంతో పని కాదని నాకు అర్థమైంది.

అతను అడిగింది తన కోసం కాదు. మా బెటాలియన్‌కు ముగ్గురు షూటర్ల జట్టు ఉంది. అందులో ఓబులేశ్వరి అనే కానిస్టేబుల్, ఇరవై ఏడేళ్ల అమ్మాయి, దేశం మొత్తం పోలీసులు పాల్గొనే షూటింగ్ పోటీలకు వరసగా రెండేళ్లు వెళ్లి రెండుసార్లూ నాలుగో స్థానంలో వచ్చింది. మొన్నటి ఏడు ఒక్క మార్కు తేడాతో కంచు పతకం పోయింది. మూడుసార్లు పతకం లేకుండా తిరిగొస్తే జట్టులోంచి తీసేసి బందోబస్తుకు వేస్తారని రూలు. కాబట్టి ఈ ఏడు ఆమెకు ఆఖరు. మాకు సరఫరా అయ్యే తూటాలు బందోబస్తు కోసం చేసినవి, ఒకటి జానెడు పైకి పోతే ఇంకోటి జానెడు కిందికి పోతుంది. మూడు వందల మీటర్ల అవతల అరచేయంత చుక్కను కొట్టాల్సిన మనిషికి ఆ తేడా చాలు, కొంప మునగడానికి.

కమిటీకి అధ్యక్షులు మా కమాండెంట్ వేణీమాధవ్ గారు. ఆయన అప్పుడే మూడు వారాల మేనేజ్‌మెంట్ శిక్షణకు వెళ్లొచ్చారు. 'సామర్థ్య వినియోగం' అనే మాటను అక్కణ్ణుంచి తెచ్చుకున్నారు. కొత్త గడియారం కొన్నవాడు అడక్కుండానే టైము చెప్పినట్టు, ఎవరు ఎదురుపడ్డా ఆ మాట చెప్పేవారు. సభ్యులుగా కుక్కల డాక్టరు గారినీ, మెస్ ఇన్‌చార్జినీ, బ్యాండు మాస్టరునీ, ఇంకా ఎనిమిది మందినీ వేశారు. దస్తగిరిని వేయలేదు. ఆ యంత్రాన్ని వాడబోయేవాడు కాబట్టి అతనికి స్వప్రయోజనం ఉందని తేల్చి, ప్రత్యేక ఆహ్వానితుడి పేరుతో తలుపు పక్కన నిలబెట్టారు.

దస్తగిరి మూడు బొమ్మలు చూపించాడు.

"ఇది సార్, ఒక లాగుకు ఒక పని. నిదానం. కానీ ప్రతి తూటా మన చేతిలోంచే పోతాది, తప్పు జరిగితే అప్పుడే కంటికి కనపడతాది. రెండోది దీనికంటే రవ్వంత జోరు. మూడోది మోటారుది. ఈ పక్క ఎంప్టీలు పోస్తే ఆ పక్క తూటాలు రాల్తాయి. అది మనకొద్దు సార్."

"ఎందుకు వద్దు?" అన్నారు కమాండెంట్ గారు.

"అది గంటకు పద్దెనిమిది వందలు చేస్తాది సార్. మన ముగ్గురికీ కలిపి రోజుకు నూటిరవై సాలు."

"పద్దెనిమిది వందలు!" అని బ్యాండు మాస్టరు గారు మెల్లగా, భక్తిగా అన్నారు.

"చూడు దస్తగిరీ," అన్నారు కమాండెంట్ గారు. "అవసరాన్ని బట్టి కొనడం కిరాణా కొట్టు పద్ధతి. సంస్థ అన్నది భవిష్యత్తును బట్టి కొనాలి."

"భవిష్యత్తులో గూడా కొట్టేది ఆ ముగ్గురే గదా సార్."

"అది నీ ఆలోచనా పరిధి. దాన్ని సంస్థ మీద రుద్దకు."

అయినా తొందరపాటు నిర్ణయం అనిపించుకోకూడదని, అటువంటి యంత్రాన్ని ముందు కళ్లారా చూడాలన్నారు. తూటాల యంత్రాన్ని చూడటానికి పైనుంచి అనుమతి కావాలి, అది వచ్చేసరికి ఏడాది పడుతుంది. అందుకని కుక్కల డాక్టరు గారి సలహా మీద కమిటీ మొత్తం నంద్యాల దారిలో ఉన్న ఒక సోడా ఫ్యాక్టరీకి వెళ్లింది. ఖాళీది వస్తుంది, నింపుతారు, మూతి బిగిస్తారు, సూత్రం ఒకటేనని ఆయన వాదన. ఫ్యాక్టరీ యజమాని అందరికీ నిమ్మకాయ సోడాలిచ్చి, వ్యాపార రహస్యం ఒకటి చెప్పాడు.

"మిషన్ ఆగితే మునిగిపోతాం సార్. సీసాలు తిరిగొస్తానే ఉండాల. తాగేటోడు తాగినాడా, పారబోసినాడా అని మనం చూడగూడదు. సీసా వచ్చిందా, అంతే."

కమాండెంట్ గారు ఆ మాటను జేబు పుస్తకంలో రాసుకోవడం నేను చూశాను. అప్పుడే నేను దగ్గి అడ్డుపడాల్సింది. సోడా తాగుతూ ఊరుకున్నాను.

మర్నాడు నేను రాసిన మినిట్స్ ఇవి: 'క్షేత్రస్థాయి అధ్యయనం ద్వారా సముపార్జించిన అనుభవాన్ని సమగ్రంగా పరిశీలించిన మీదట, గంటకు పద్దెనిమిది వందల సామర్థ్యం గల యంత్రమే సంస్థ గౌరవానికి తగినదని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. ప్రత్యేక ఆహ్వానితుని అభిప్రాయం కూడా నమోదు చేయబడింది.' ఆ అభిప్రాయం ఏమిటో నమోదు చేయలేదు.

యంత్రం వచ్చింది. బీరువా అంత ఉంది, మోటారు నడిచినప్పుడల్లా తూటాలు లెక్కపెట్టే మీటరు కూడా ఉంది. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎర్ర రిబ్బను కత్తిరించి స్విచ్చి వేశారు. దస్తగిరి నాలుగు నెలలుగా ఏరి దాచిన రెండు వందల డెబ్భై ఎంప్టీలను అందులో పోశారు. తొమ్మిది నిమిషాల్లో మింగేసింది. తర్వాత కీచుమని అరిచి, ఎర్రదీపం వెలిగించి ఆగింది. అందరం చప్పట్లు కొట్టాం. అది ఆకలితో అరిచిందని మాకు తెలియదు.

నెల తిరిగేసరికి హెడ్ క్వార్టర్స్ నుంచి వీడియో మీటింగు పెట్టారు. యంత్రాల పనితీరును పర్యవేక్షించే పెద్దాయన తెర మీద కనిపించి, కళ్లజోడు సవరించుకున్నారు.

"మీ యంత్రం రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే పద్నాలుగు వేల నాలుగు వందల తూటాలు రావాలి. వస్తున్నవి నూట ఇరవై. సామర్థ్య వినియోగం సున్నా పాయింట్ ఎనిమిది మూడు శాతం. ఇంత విలువైన ప్రభుత్వ ఆస్తిని నిరుద్యోగిగా కూర్చోబెట్టడానికి కారణాలేమిటి?"

"ఎంప్టీల కొరత సార్," అన్నారు కమాండెంట్ గారు.

"కొరతను అధిగమించండి," అన్నారు. తెర ఆరిపోయింది.

ఎంప్టీలు చెట్లకు కాయవు. తూటాలు కాలిస్తేనే వస్తాయి. మా బెటాలియన్‌లో వంటవాళ్లూ గుమాస్తాలూ కలిపి తొమ్మిది వందల మందిమి. మనిషికి పదహారు వేసుకుంటే సరిగ్గా పద్నాలుగు వేల నాలుగు వందలు. ఈ లెక్క కుదిరినప్పుడు కమాండెంట్ గారి కళ్లు చెమర్చాయి. సర్క్యులర్ నేనే రాశాను: 'సిబ్బంది యావన్మందీ ప్రతిదినం తలా పదహారు తూటాలు కాల్చి, తత్ఫలితంగా లభ్యమయ్యే ఎంప్టీలను విధిగా యంత్రానికి సమర్పించవలెను.'

దాంతో గోదాములో ఏళ్ల తరబడి భద్రపరిచిన తూటాలన్నీ బయటికొచ్చాయి. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి కొండవైపు తిరిగి కాల్చేవాళ్లం. మంగలి రాముడు చేతికున్న సబ్బు కడుక్కుని వచ్చి కాల్చిపోయేవాడు. బ్యాండు వాళ్లు డోలు పక్కన పెట్టి కాల్చేవాళ్లు. మెస్‌లో పప్పు మాడిపోతున్నా వంటవాళ్లు పదహారూ పూర్తయ్యేదాకా లేవడానికి వీల్లేదు. నేనూ కాల్చాను. మొదటి రోజు భుజం కమిలింది, మూడో రోజుకు ఎడమ చెవి వినపడటం మానేసింది. మీటింగుల్లో అది కొంత మేలే చేసింది. మేము కాల్చినవి యంత్రం నింపుతుంది, యంత్రం నింపినవి మేము కాలుస్తాం. ఎవరి గుండు ఎక్కడ తగిలిందో చూసే తీరిక లేదు కాబట్టి, గురి కాగితాలు అంటించడం కూడా దండగని ఆపేశారు.

వినియోగం తొంభై శాతం దాటింది. మిగిలిన పది శాతం ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి కమాండెంట్ గారు స్టాప్‌వాచ్ పట్టుకుని ఫైరింగ్ రేంజ్‌కు వచ్చారు. వంటమనిషి పదహారు తూటాలు రెండు నిమిషాల్లో ముగించాడు. ఓబులేశ్వరి ఒక్క తూటాకు నిమిషంన్నర తీసుకుంటోంది.

"ఏం చేస్తున్నావమ్మా అంతసేపు?" అన్నారు ఆయన. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

"గురి చూస్తాండా సార్."

"దేనికి?"

ఆమె తల తిప్పి ఆయన వంక చూసింది. "తగలాల కద సార్."

"తగిలితే ఎంప్టీలు రెండు వస్తాయా?"

"లే సార్. ఒకటే వస్తాది."

"తగలకపోతే?"

"ఒకటే సార్."

"మరి?" అన్నారు కమాండెంట్ గారు, చిన్నపిల్లకు కూడికలు నేర్పినంత ఓపికగా. "గురి చూడటం వల్ల సంస్థకు అదనంగా ఒరిగేదేమీ లేదు. ఆ సమయంలో ఇంకొకరు పన్నెండు ఎంప్టీలు ఇవ్వగలరు. నీ వ్యక్తిగత ఆసక్తుల కోసం ఉత్పత్తి ఆగకూడదమ్మా."

మర్నాడు ఆమెకు మెమో ఇచ్చారు. ఆ పై రోజు ఆమెనూ, జట్టులోని మిగతా ఇద్దరినీ కాల్పుల్లోంచి తప్పించి, ఎంప్టీలు ఏరే పనికి వేశారు. ఓబులేశ్వరి చూపు చురుకైనది కాబట్టి ఇసుకలో పడ్డ ఇత్తడిని త్వరగా గుర్తిస్తుందని ఆ ఉత్తర్వులో మెచ్చుకున్నారు. ఆ వాక్యం నా సొంతం. మెచ్చుకోలు మాట ఒకటుంటే ఆమెకు బాధ కాస్త తగ్గుతుందనుకున్నాను. గంప నెత్తిన పెట్టుకుని ఎండలో వంగి వంగి ఏరుతున్న ఆమెను కిటికీలోంచి చూసినప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

పోటీలు మూడు వారాల్లోకి వచ్చాయి. యంత్రం జోరు మీద నింపిన తూటాల్లో ఒకదాంట్లో మందు ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. కొండను కొట్టడానికి అవి చాలు, పతకాన్ని కొట్టడానికి చాలవు. దస్తగిరి ఒక పని చేశాడు. మధ్యాహ్నం భోజనాలప్పుడు యంత్రానికి గంట విరామం. ఆ గంటలో మోటారు తీగ పీకేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ, బంగారం కొట్లో పనిచేసే బామ్మర్ది దగ్గర తెచ్చిన త్రాసులో మందును తూచి తూచి పోస్తూ, రోజుకు నాలుగో అయిదో తూటాలు చేశాడు. తూచిన ప్రతిదాన్నీ వేళ్ల మధ్య తిప్పి, నచ్చకపోతే విప్పేసేవాడు. రెండు వారాలకు అరవై అయ్యాయి. పోటీలో కొట్టాల్సినవి సరిగ్గా అరవై, ఒక్కోదానికి పది మార్కులు.

వాటిని దూది పరిచిన పచ్చడి సీసాలో పెట్టి నాకు చూపించాడు. "సూడండి సార్. అరవై మంది కవల పిల్లోల్లు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా రాదు."

"నేనేమీ చూడలేదు దస్తగిరీ," అన్నాను. నేను మనస్ఫూర్తిగా చేసిన సాయం అదొక్కటే.

ప్రయాణం రోజు వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి బస్సు, సాయంత్రం కర్నూలులో రైలు. పొద్దున గేటు పాసు కోసం ఓబులేశ్వరి, దస్తగిరి కమాండెంట్ గారి గదికి వచ్చారు. నేను ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

మాకు మొదట్నుంచీ ఒక నియమం ఉంది. ఎన్ని తూటాలు తీసుకుంటే అన్ని ఎంప్టీలు తిరిగివ్వాలి. ఒక్కటి తగ్గినా కంపెనీ మొత్తం ఇసుక జల్లెడ పడుతుంది. ఈ పోటీల్లో మాత్రం కాల్చిన ఎంప్టీలు నిర్వాహకులే ఉంచుకుంటారు.

"అంటే అరవై ఎంప్టీలు మన యంత్రానికి శాశ్వతంగా దూరమవుతాయి," అన్నారు కమాండెంట్ గారు. "ఇది నా ఒక్కడి వల్ల అయ్యే నిర్ణయం కాదు. అయితే నేను మానవత్వం లేనివాణ్ణి కాను. ముందుగా అరవై ఎంప్టీలు డిపాజిట్ చేసి, అరవై తూటాలు తీసుకెళ్లండి."

"తెస్తాం సార్," అన్నాడు దస్తగిరి ఆశగా. "మిషన్‌లోవి ఏవో ఒక అరవై ఇప్పించండి, ఇప్పుడే కాల్చి కడతాం."

"వాటి ఎంప్టీలు ఎలాగూ యంత్రానివే కదయ్యా. యంత్రం సొమ్ము యంత్రానికే డిపాజిట్ చేస్తావా? మీటరుకు ఎక్కని తూటాలు ఉండాలి." ఆయన చూపు ఓబులేశ్వరి చేతిలోని సీసా మీద పడింది. "అవేమిటి?"

దస్తగిరి అబద్ధం ఆడలేని మనిషి. చేత్తో తిప్పి చేసినవని చెప్పేశాడు.

"మోటారు నడవలేదు, కాబట్టి మీటరుకు ఎక్కలేదు. బ్రహ్మాండం! సమస్య పరిష్కారమైంది. వీటిని కాల్చి ఎంప్టీలు కట్టండి. యంత్రం నింపిన డబ్బాలోంచి అరవై తీసుకుని పోటీకి వెళ్లండి."

దస్తగిరి ఒక అడుగు ముందుకు వేశాడు. "సార్! ఆ పాప తీస్కపోవాల్సింది వీటినే సార్. పోటీ కోసమే గదా ఇవి చేసింది. ఇవి ఈడ కాల్చేస్తే ఆడికి ఏం తీస్కపోయేది?"

"తూటాలే తీసుకెళ్తుంది. అరవైకి అరవై. ఒక్కటీ తగ్గించడం లేదే నేను?"

"అవీ ఇవీ ఒకటి గాదు సార్."

"రిజిస్టరులో ఒకటే," అన్నారు కమాండెంట్ గారు. "కాదంటే ప్రయాణం రద్దు చేస్తాను. బస్సు రెండింటికి. వంటమనిషిని పిలవనా? రెండు నిమిషాలకు పదహారు కొడతాడు, పది నిమిషాలు కూడా పట్టవు."

ఓబులేశ్వరి సీసాను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. వంటమనిషి మాట వినగానే తలెత్తింది.

"ఎవురూ వద్దు సార్. నేనే కొడతా." "ఒక కాగితం మాత్రం పెట్టియండి."

గురి కాగితాలు అంటించడం మానేసి మూడు నెలలైంది. దస్తగిరి పరుగున పోయి బీరువా కిందినుంచి చెదలు కొరకని కట్ట ఒకటి లాగి, మూడు వందల మీటర్ల అవతల అంటించి, అక్కడే గోతిలోకి దిగాడు. ఓబులేశ్వరి చాప మీద బోర్లా పడుకుంది. వరుస కట్టి కాలుస్తున్న వంటవాళ్లూ బ్యాండు వాళ్లూ ఎవరూ చెప్పకుండానే ఆపేశారు. నా కుడి చెవి మాత్రమే వింటోంది, అయినా అంత నిశ్శబ్దం ఆ రేంజ్‌లో నేనెప్పుడూ వినలేదు.

ఒక్కో తూటాకు నిమిషంన్నర తీసుకుంది. కమాండెంట్ గారు గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరిగారు. ప్రతి ఎంప్టీ బయటపడగానే ఒక కానిస్టేబుల్ వంగి తీసి గంపలో వేశాడు. మధ్యమధ్య కాగితం మారుస్తూ, దస్తగిరి దూరం నుంచి చేత్తో సైగలు చేస్తున్నాడు. పది. పది. తొమ్మిది. పది. నేను ఫైలు వెనకాల పెన్సిలుతో గీతలు గీసుకుంటూ కూడుకున్నాను. అరవయ్యోది పేలాక మొత్తం వేశాను. అయిదు వందల తొంభై నాలుగు. మొన్నటి ఏడు పోటీల్లో బంగారు పతకానికి వచ్చింది అయిదు వందల తొంభై మూడు.

"సార్," అన్నాను, నోరాగక. "తొంభై నాలుగు కొట్టింది సార్. బంగారం కన్నా ఒకటి ఎక్కువ."

"ఎంప్టీలు ఎన్ని?" అన్నారు కమాండెంట్ గారు.

"అరవై సార్," అన్నాడు గంప పట్టుకున్న కానిస్టేబుల్.

"శభాష్," అన్నారాయన సంతోషంగా, అతనితో.

దస్తగిరి ఆ కాగితాలను మడిచి పట్టుకుని వచ్చాడు. ఏడవకుండా ఉండటానికి ఆకాశం వైపు చూస్తున్నాడు. ఓబులేశ్వరి లేచి, మోచేతుల ఇసుక దులుపుకుని, డబ్బాలోంచి అరవై తూటాలు లెక్కపెట్టించుకుంది. ఆ సీసాలోనే, అదే దూది మీద పోసుకుని బస్సెక్కింది.

పోటీలో ఆమెకు అయిదు వందల డెబ్భై ఒకటి వచ్చాయి. పంతొమ్మిదో స్థానం. మూడోసారి పతకం లేదు కాబట్టి రూలు ప్రకారం జట్టులోంచి తీసేశారు. ఆ ఉత్తర్వు కూడా నా చేతి మీదుగానే వెళ్లింది.

రెండు నెలల తర్వాత సామర్థ్య వినియోగంలో రాష్ట్రంలోనే మొదటి స్థానం వచ్చిందని మా బెటాలియన్‌కు షీల్డు ఇచ్చారు. హైదరాబాదు నుంచి పెద్దలు వచ్చారు. హాలు గుమ్మం దగ్గర బందోబస్తుకు ఓబులేశ్వరిని వేశారు. శాలువాల కట్ట చంకన పెట్టుకుని నేను లోపలికి పోబోతుంటే ఆపింది.

"సార్, ఒక మాట. ఆ పొద్దు నేను ఈడ కొట్టింది యాడన్నా రాసినారా?"

రాయడమే నా ఉద్యోగం. అననివి రాశాను, జరగనివి రాశాను, ఆమె చూపును మెచ్చుకుంటూ గంప ఎత్తించే ఉత్తర్వు కూడా రాశాను. ఏదో ఒకటి అల్లి చెప్పబోయాను, ఆమె ముఖం చూశాక మానుకున్నాను.

"లేదమ్మా," అన్నాను.

"సరే సార్," అని పక్కకు జరిగి, నాకు తలుపు తీసింది.

ఆ రోజుకు రిజిస్టరులో నా రాత ఒక్క వరుసే ఉంది. ఇచ్చిన తూటాలు అరవై, వచ్చిన ఎంప్టీలు అరవై, తేడా లేదు.